ఐదిళ్ల గుండీలు

కర్నూలులో స్వెటర్ వేసుకునేంత చలి ఏ కాలంలోనూ ఉండదు. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, నా జన్మలో నేను పూర్తిగా అల్లిన ఒకే ఒక్క స్వెటర్ ఆ ఊళ్లోనే అల్లాను, అదీ నా పన్నెండో ఏట. పోయిన నెల వేంపల్లె పోయి మా అక్క ఈశ్వరమ్మను చూసి వచ్చాను. అక్కకు తొంభై దగ్గర పడుతోంది. చెవులు మందగించాయి గానీ నోరు మందగించలేదు. మాటల మధ్యలో ఆ స్వెటర్ గుండీల సంగతి వచ్చింది. అక్క చెప్పింది విన్నాక, ఇన్నేళ్లుగా నాకు బాగా తెలుసుననుకున్న సంగతి నాకు సగమే తెలుసునని తేలింది. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే రాసి పెడదామని కూచున్నాను. అయితే ఆ మాట దాకా పోవాలంటే ముందు మా కర్నూలు ఇంట్లోకి పోవాలి.

ఆ ఇల్లు నాన్న మా చదువుల కోసం కొన్నది. ఆయన మాత్రం బనగానపల్లె దగ్గర సేద్యం చూసుకుంటూ వారానికొకసారి వచ్చిపోయేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మమ్మల్ని పెంచింది నాన్నను కన్న తల్లి, మా అవ్వ. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. తెల్లవారుజామునే లేచి వాకిలి చల్లి, పొయ్యి అలికి, జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెట్టేది. ఆ తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. వంటింట్లో ఎప్పుడూ వేరుశనగ నూనె వాసన, కాలిన రొట్టె అంచుల వాసన. అవ్వ ఒంటి మీద మాత్రం నశ్యం వాసన. నశ్యం పీల్చే సంగతి ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం, తెలియనట్టు ఉండటం మా మర్యాద. కర్నూలు రాజధాని అయిన కాలం అది. ఊరంతా గుడారాలు, ఆఫీసులు, కొత్త మనుషులు. ఇళ్లు దొరక్క పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా రెండు గదుల్లో సర్దుకునేవాళ్లు. మా ముందు భాగం గదులు కూడా సచివాలయంలో పనిచేసే ఒక గుమాస్తాకు అద్దెకిచ్చాం. ఆయన భార్య కామేశ్వరిగారు. కోస్తా మనిషి. ఆమెను చూసి మేం, మమ్మల్ని చూసి ఆమె మొదట్లో బాగా నవ్వుకున్నాం. మేం గుండీలు అంటే ఆమె బొత్తాలు అనేది. గుండీలు అంటే తనకు నీళ్లు కాచుకునే గుండిగలే గుర్తుకొస్తాయనేది.

కామేశ్వరిగారికి అల్లిక వచ్చు. వాళ్లాయన కొన్నాళ్లు ఊటీలో పనిచేశాడట, అక్కడ నేర్చుకుంది. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూచుని అల్లుతుంటే నేను బడి నుంచి వచ్చీ రాగానే పక్కన చేరేదాన్ని. నాకు సూదులు లేకపోతే సైకిల్ షాపతను రెండు పాత సైకిల్ పుల్లలు అరగదీసి ఇచ్చాడు. ఊలు కర్నూలులో దొరకదు. ఆమె తన భర్త పాత స్వెటర్ ఒకటి, తేనె రంగుది, మోచేతుల దగ్గర చిరిగిపోయింది, తెచ్చి నా ముందు పడేసింది. ఇద్దరం కలిసి దాన్ని విప్పాం. విప్పిన ఊలు వంకరలు వంకరలుగా ఉండేది. దాన్ని కుంకుడురసంలో ఉతికి, దండెం మీద వేసి, కింద చెంబు కట్టి వేలాడదీస్తే రెండు రోజులకు సాపుగా వచ్చింది. అవ్వ అటుగా పోతూ, "అల్లినదాన్ని ఇప్పి మల్ల అల్లేది యాలమ్మే, పనిల్యాక" అనేది. నా మొదటి అల్లికలో కుట్లు ఎన్నో జారిపోయాయి. కామేశ్వరిగారు ఏ మాత్రం మొహమాటం లేకుండా విప్పేసి, "మళ్లీ మొదలెట్టు" అనేది. అంత ఓపికతో ఇంకెవరూ నాకు ఏదీ నేర్పలేదు.

అదే సమయంలో మా అక్క కాన్పుకు వచ్చింది. అక్కకు అప్పటికి ఇరవై రెండేళ్లు, ఇది మూడో కాన్పు. మొదటి బిడ్డ పురిటిలోనే తొమ్మిదో రోజు పోయింది. రెండోవాడు మూడు నెలలు ఉండి, జ్వరం తగిలి రెండు రోజుల్లో పోయాడు. ఆ రెండు కాన్పులూ అత్తగారింట్లో జరిగాయి, ఆ ఇల్లు కలిసిరాలేదని ఈసారి అవ్వ పట్టుబట్టి తీసుకొచ్చింది. అక్క రోజంతా స్తంభానికి ఆనుకుని కూచునేది. పిలిస్తే పలికేది, పెడితే తినేది. పుట్టబోయే బిడ్డ గురించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. మగపిల్లవాడా, ఆడపిల్లా అని ఎవరైనా సరదాకు అడిగితే లేచి లోపలికి పోయేది. నాకు ఆమెను ఎట్లా పలకరించాలో తెలిసేది కాదు. అందుకే నా చేతిలో ఉన్న తేనె రంగు ఊలుతో బిడ్డకు స్వెటర్ అల్లుతానన్నాను. కార్తీకంలో కాన్పు, తర్వాత వచ్చేవి చలి నెలలే కదా అని నా వాదన.

అవ్వ వెంటనే ఒప్పుకోలేదు. బిడ్డలు నిలవని తల్లికి పుట్టేవాళ్ల విషయంలో మా వైపు ఒక పద్ధతి ఉండేది. కొత్తగుడ్డ కట్టకూడదు, మంచి పేరు పెట్టకూడదు. ఇల్లిల్లూ తిరిగి తిరిపెం ఎత్తిన పాతగుడ్డలే కట్టాలి, పేరు కూడా అట్లాంటిదే పెట్టాలి. అవ్వ నన్ను కూచోబెట్టి చెప్పింది. "బిడ్డల్ని ఎత్తుకపోయేది మన ఇంటి గుర్తు పట్టుకొని వస్తాది. ఈ బిడ్డ ఒంటి మీద మన ఇంటిది నూలుపోగు గూడా ఉండకూడదు. ఇది యాడో తిరిపెమెత్తుకునే వాండ్ల బిడ్డేలే అనుకోని పక్కకు పోవాల." పాలు మాత్రం ఇంటివే కదా అని అడగబోయి మానుకున్నాను. ఊలు ఎక్కడిదని ఆరా తీసింది. కామేశ్వరిగారు ఇచ్చిన పాతదని చెప్పాక కాసేపు ఆలోచించి, అయితే అదీ తిరిపెమే అని తీర్పు చెప్పింది. రెండు షరతులు పెట్టింది. బిడ్డ భూమ్మీద పడేదాకా చివరి వరస ముగించి ముడి వేయకూడదు. గుండీలు కొనకూడదు, ఐదిళ్లలో అడుక్కుని తేవాలి.

మొదటి షరతు నాకు కష్టమనిపించలేదు. రెండోదానికే నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే గుండీలు నేను అప్పటికే ఎంచి పెట్టుకున్నాను. బజారులో గాజులూ రిబ్బన్లూ అమ్మే కొట్లో అద్దాల పెట్టె కింద ఒక అట్టకు కుట్టిన ఐదు గుండీలు ఉండేవి. ముత్యపు చిప్పతో చేసినవి, వంచి చూస్తే గులాబీ రంగు, ఎత్తి చూస్తే నీలం రంగు. బడి నుంచి చుట్టుదారిన వచ్చి మరీ వాటిని రోజూ చూసేదాన్ని. ఎవరైనా కొనేశారేమోనని దడగా ఉండేది. కామేశ్వరిగారు కూడా వచ్చి చూసి, తేనె రంగు మీద బ్రహ్మాండంగా ఉంటాయంది. ఐదు రకాల గుండీలు తెచ్చి కుడితే తన శిష్యురాలి పని నవ్వులపాలవుతుందని ఆమె బాధ. కాజాలన్నీ ఒకే కొలతన అల్లాం, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే ఎట్లా పడతాయని అవ్వతో వాదించబోయింది. అవ్వ ఆమెను తేరిపార చూసి, "బిడ్డ నిలబడితే సాలు తల్లీ, గుండీ నిలబడకున్నా మాకేం నష్టంల్యా" అంది. కామేశ్వరిగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. లోపలికి పోయి భర్త కోటు నుంచి ఒక ముదురు గోధుమ రంగు గుండీ కోసి తెచ్చి, "ఇదిగో, మొదటి ఇల్లు మాదే" అని నా చేతిలో పెట్టింది.

అడగడానికి కూడా ఒక తీరు ఉంది. గడప దాటకూడదు. తువ్వాలు రెండు చేతులా పట్టుకుని చాచి, "మా అక్క బిడ్డకు ఒక గుండీ తిరిపెం పెట్టండి" అనాలి. ఇచ్చాక దండం పెట్టకూడదు, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి. ఇదంతా ముందే ముగించాలి. ఎందుకంటే బిడ్డ పుట్టాక మాకు పురుడు, పదకొండు రోజులు ఇంకొకరి ఇంటికి పోవడానికి లేదు. రెండో ఇల్లు ఎదుటి దర్జీ ఖాసింసాబుది. ఆయన భార్య పెట్టె వెదికి షేర్వాణీ గుండీ ఒకటి, నల్లది, తీసింది. "తీసుకోమ్మా బేటీ, అల్లా సల్లగా సూస్తాడు" అంది. మూడో ఇల్లు కంబళ్లు నేసే వాళ్లది. ఆ ఇంట్లో గుండీ పెట్టిన గుడ్డే లేదు. ఆ ఇంటి ముసలామె తల గోక్కుని, గొర్రె మెడలోని తాడుకున్న గవ్వ ఒకటి తెంపి, "ఇది కుట్టుకోపో, గుండీ కంటే గట్టిది" అంది. నాలుగోది పోలీసు క్వార్టర్సులో. కానిస్టేబులు భార్య యూనిఫారం మీది ఇత్తడి గుండీ ఇచ్చింది. నాన్న అది చూసి, పాపం ఆయప్పకు పరేడులో తిట్లు తప్పవన్నాడు.

ఐదో ఇల్లుగా అవ్వ చెప్పినది కామేశ్వరిగారి భర్తకు పైఅధికారి అయిన ఒక ఆఫీసరు గారిది. ఆ ఇంటి పిల్ల సుభాషిణి నా క్లాసే. బడికి జట్కాలో వచ్చేది, మా మాటను వెక్కిరించేది. నేను "యాడికి" అంటే చాలు, నలుగురిని పోగేసి నవ్వేది. ఆ పిల్ల వాకిట్లో తువ్వాలు చాచి నిలబడటం నా వల్ల కాలేదు. రోజూ బయల్దేరేదాన్ని, గేటు దాకా పోయి తిరిగొచ్చేదాన్ని. ఆ పిల్ల తల్లి ఇంట్లో లేదని ఒక రోజు, చుట్టాలున్నారని ఒక రోజు అవ్వకు అబద్ధాలు చెప్పాను. ఇంకా పది రోజులుంది కదా అని నా ధీమా. ఒక సాయంత్రం అట్లాగే గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి ఇంట్లో నీళ్లు మరుగుతున్నాయి, అక్కకు నొప్పులు మొదలయ్యాయి. నర్సును పిలిపించారు. అవ్వ ఆ హడావిడిలోనే నా వైపు తిరిగి, "ఐదోది తెచ్చినావా" అని అడిగింది. తెచ్చానన్నాను. పెరట్లోకి పోయి, నా జాకెట్టు చేతికున్న తెల్ల గుండీ ఒకటి కొరికి తెంపి, మిగతా నాలుగింటితో పాటు మూటగట్టి ఆమె చేతికిచ్చాను.

మగపిల్లవాడు పుట్టాడు. వాడి ఏడుపు విన్నాక నేను చివరి వరస ముగించి ముడి వేశాను. గుండీలు అవ్వే కుట్టింది. పురుడు వెళ్లాక చేటలో తవుడు పోసి, వాడిని అందులో పడుకోబెట్టి, తిరిపెమయ్య అని పేరు పెట్టారు. స్వెటర్ తొడిగితే వాడు ఒక కోటు గుండీ, ఒక షేర్వాణీ గుండీ, ఒక గవ్వ, ఒక పోలీసు గుండీ, వాటికి దిగువన నా గుండీతో చిన్న సంతలా ఉన్నాడు. చూసినవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అవ్వ చెప్పిన లెక్కన చూస్తే మన ఇంటి గుర్తు వాడి బొడ్డు మీదే ఉంది, దాన్ని పెట్టింది నేను. ఈ సంగతి ఎవరికైనా చెబితే నన్ను చంపేస్తారని భయం. చెప్పకపోతే వాడు చచ్చిపోతాడని భయం. వాడు తుమ్మినా, పాలు కక్కినా నాకు అన్నం దిగేది కాదు. బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే చెవులు రిక్కించి ఏడుపు వినపడుతుందేమోనని చూసేదాన్ని. ఏడుస్తుంటే బతికే ఉన్నాడని ప్రాణం కుదుటపడేది.

మూడో నెల వచ్చేసరికి వాడికి జ్వరం తగిలింది. ముందు వాడు పోయింది కూడా మూడో నెలలోనే. అక్క ఏడవలేదు. తడిగుడ్డ మారుస్తూ గోడ వైపు చూస్తూ కూచుంది. నేను ఇక ఆగలేకపోయాను. మధ్యాహ్నం అవ్వ డాక్టరు కోసం పోయినప్పుడు కత్తెర తీసుకుని, దండెం మీదున్న స్వెటర్ నుంచి ఆ గుండీ కోస్తుంటే అక్క చూసింది.

"ఏం జేస్తాండావు?"

చెప్పేశాను. గేటు దాకా పోయి తిరిగొచ్చింది, కొరికి తెంపింది, అంతా. చెబుతూ ఏడ్చాను. అక్క తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. గుండీని నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీ జాకెట్టుదా" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత, "పో. ఇప్పుడే పోయి ఐదో ఇంట్లో అడుక్కోని రా. అవ్వ వచ్చేలోపల రావాల" అంది.

పరుగెత్తాను. గేటు దాటడానికి ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వాకిట్లో తువ్వాలు చాచి నిలబడి, రొప్పుతూ, చెప్పాల్సిన మాట చెప్పాను. సుభాషిణి తల్లి గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎంతమంది పోయారమ్మా?" అని అడిగింది. ఇద్దరని చెప్పాను. ఆమె లోపలికి తిరిగి, "ఒసే పెంటమ్మా, ఆ కుట్టుపెట్టె ఇలా పట్రా" అని కేకేసింది. పెట్టె పట్టుకుని వచ్చింది సుభాషిణి. నన్ను చూసి గతుక్కుమంది. "మాకు ముగ్గురు పోయాక పుట్టిందమ్మా ఇది. పెంట మీద పడుకోబెట్టి తవుడు పోసి కొనుక్కున్నాం. ఇంట్లో ఇప్పటికీ ఆ పేరే" అంటూ ఆమె చొక్కా గుండీ, తెల్లది, తీసి తువ్వాల్లో వేసింది. గేటు దాకా నా వెంట వచ్చిన సుభాషిణి, "బళ్లో ఎవరితోనూ అనకే" అంది. అనలేదు. ఇదిగో, ఇప్పుడే అంటున్నాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల నా మాటను వెక్కిరించడం మానేసింది.

ఇంటికి వచ్చి గుండీ అక్కకిచ్చాను. "నేను కుడతాలే, నువ్వు మొగం కడుక్కోపో" అంది. మొహం కడుక్కుని వచ్చి చూస్తే స్వెటర్ మీద ఐదు గుండీలూ ఉన్నాయి. సాయంత్రం డాక్టరు వచ్చి, పిల్లవాడికి చెవిలో చీము పట్టిందని చెప్పి మందు ఇచ్చాడు. మూడు రోజులకు జ్వరం తగ్గింది. తగ్గించింది మందే అని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం గుండీ అనే అనుకున్నాను. పెద్దయ్యాక సైన్సు టీచరునై ముప్పై ఏళ్లు పిల్లలకు క్రిముల గురించి పాఠాలు చెప్పి కూడా, సరైన సమయానికి నా తప్పు దిద్దుకున్నానన్న తృప్తి నా లోపల ఎక్కడో అట్లాగే ఉండిపోయింది.

తిరిపెమయ్య ఇప్పుడు వేంపల్లెలో చీనీతోట, అదే బత్తాయి తోట, చూసుకుంటున్నాడు. బడి రికార్డుల్లో శ్రీనివాసులు అని ఉన్నా ఆ పేరుతో పిలిస్తే వాడే పలకడు. మొన్న నేను పోయినప్పుడు వాడి మనవరాలికి ఏడో నెల. బిడ్డ ఇంకా పుట్టనే లేదు, అప్పుడే పెట్టెలకు పెట్టెలు గుడ్డలు దిగాయి. ఉయ్యాల, దోమతెర, టోపీలు, మేజోళ్లు. చొక్కాలకు గుండీలు కూడా లేవు, నొక్కితే టిక్కుమని పట్టుకునే టిచ్చు బటన్లు. ఆ పిల్ల ఒక్కొక్కటే తీసి మాకు చూపిస్తుంటే అందులో భయం అన్నది ఎక్కడా కనిపించలేదు. దానికి నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మా కాలమే మేలని అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బిడ్డను కనబోయే తల్లి బిడ్డ ఊసెత్తడానికే వణికిన కాలం అది. అందులో మేలు ఏముంది? అవ్వను మాత్రం నేను తప్పుపట్టను. ఆమె చేతిలో ఇంకేమీ లేదు, ఉన్నదాంతో ఆమె కొట్లాడింది.

మనవరాలు లోపలికి పోయాక అక్కతో అన్నాను, ఆ రోజు నేను గుండీ సంగతి చెప్పకుండా దాచి ఉంటే ఏమయ్యేదో అని. అక్క నములుతున్న ఆకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

"ఏమీ అయ్యేది కాదు. వాని మీద ఉన్నింది నీ గుండీనే."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"నువ్వు తెచ్చింది నేను కుట్టలే. నీ జాకెట్టుదే మల్ల కుట్టినా. రెండూ తెల్లవే గదా, నువ్వు కనుక్కోలే. అవ్వా కనుక్కోలే."

"మరి నేను తెచ్చింది?"

"నా రవికెకు కుట్టుకున్యా. తిరిపెం నేను తీసుకుంటి, ఇంటిది వానికిస్తి."

ఎందుకట్లా చేశావని అడిగాను. అక్క తోట వైపు చూస్తూ చెప్పింది. "పేరు తిరిపెం. గుడ్డ తిరిపెం. కన్నది నేను, నాది అనేది వాని ఒంటి మీద ఒగటన్నా వద్దా? ముందు ఇద్దరినీ ఏమీ ఇయ్యకుండానే పంపించినా. వీడు గూడా పోయేవాడే అయితే, మన ఇంటిది ఒగటి వాని తోడు పోనీలే అనుకున్యా."

"భయం కాలేదా?"

"అయ్యింది. మూడు దినాలు కన్ను మూయలే. యా పొద్దుకాపొద్దు తీసేద్దామా అనిపిచ్చేది. తీయలే."

ఆ మూడు రోజులూ నేను అదే గదిలో, వాళ్ల పక్కనే ఉన్నాను. తప్పు దిద్దుకున్నానన్న నిశ్చింతతో కడుపునిండా తిన్నాను, హాయిగా నిద్రపోయాను.